పిండి మాత్ర అని చెప్పాను

రాయపూర్ డబ్ల్యు.ఆర్.ఎస్. రైల్వే కాలనీలో పరదేశి కంటే మెల్లగా నడిచే మగవాడు లేడు. కూరగాయల సంచీతో బజారు నుంచి ఇంటికి చేరడానికి అతనికి పట్టే టైములో నేను రెండు టీలు తాగి, ఒకరితో దెబ్బలాడి, మళ్ళీ రాజీ కూడా పడగలను. స్టేషన్ వంతెన మెట్లెక్కేటప్పుడు పది మెట్లకోసారి ఆగుతాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని జేబులో ఏదో వెతుక్కుంటున్నట్టు నటిస్తాడు. కాలనీ పిల్లలు అతనికి మాల్‌గాడీ, అంటే గూడ్సుబండి, అని పేరు పెట్టారు. వయసు నలభై ఒకటి. ఒంట్లో రోగమంటూ ఏమీ లేదు.

అతను ఇలా నడవడం మొదలుపెట్టింది రెండు వేల ఎనిమిదిలో. దానికి కారణం నేను. నా పేరు మల్లేశ్వరరావు. ఈ మాట చెప్పడానికి నాకు పదహారేళ్ళు పట్టింది కాబట్టి ఇంక డొంకతిరుగుడు లేకుండా చెప్పేస్తాను.

అంతకు ముందు పరదేశి పరిగెత్తేవాడు. తండ్రి అచ్చయ్య టెక్కలి వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా ఇక్కడికొచ్చి, నలభై ఎనిమిదో ఏట పట్టాల మీదే గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆ ఉద్యోగం కొడుక్కిచ్చారు. పగలంతా సుత్తి మోసే పని. అయినా తెల్లారగట్ల కాలనీలో బయల్దేరి మోవా దాకా పరిగెత్తి, తిరిగొచ్చి, చద్దన్నం తిని డ్యూటీకి పోయేవాడు. డివిజన్ ఆటల్లో అయిదువేల మీటర్లు వరసగా రెండేళ్ళు గెలిచాడు. ఆ డిసెంబరులో బిలాస్‌పూర్‌లో జోన్ పోటీలు. అక్కడ గెలిస్తే సుత్తి వదిలి ఆటల కోటాలో నీడపట్టు పనికి మారొచ్చని అందరూ అనేవారు. పెళ్ళై ఏడాది కాలేదు. భార్య మాలతి నీళ్ళబిందె ఎత్తబోతే లాక్కుని పరుగున ఇంట్లో పెట్టేవాడు. వీధంతా నవ్వేది.

నేను వాళ్ళింటికి ప్రతి ఆదివారం పోయేవాణ్ణి. చుట్టరికం లేదు. మా నాన్నదీ రైల్వేయే, మాదీ ఆ టెక్కలి వైపే, అంతే. నా భార్య ఊర్మిళ ఆరంగ్ అమ్మాయి. మంచి మనిషి, కానీ మా ఇంట్లో నడిచేది హిందీ, ఆవిడకి కోపమొస్తే ఛత్తీస్‌గఢీ. పరదేశి తల్లి తాయారమ్మ వడ్డించే చేపల పులుసు కోసం వెళ్తున్నానని ఊర్మిళతో చెప్పేవాణ్ణి. నిజానికి వెళ్ళేది తెలుగు కోసం. ఆ ఇంట్లో నేను పెద్దమనిషిని. పరదేశికి అన్నని, మాలతికి బావగారిని, తాయారమ్మకి చదువుకున్న బాబుని. ఆస్పత్రిలో మాత్రం నేను ట్రెడ్‌మిల్ టెక్నీషియన్ని. అంటే రోగుల ఛాతీకి వైర్లు అంటించి, కదిలే పట్టా మీద నడిపించి, గుండె గీతలు కాగితం మీదకి తీసేవాణ్ణి. డాక్టర్లు నన్ను పేరుతో కూడా పిలిచేవారు కాదు.

ఆ ఏడాది మా మెడికల్ కాలేజీలో ప్రియదర్శిని మేడమ్ అని ఒక భిలాయి అమ్మాయి పై చదువు చదువుతూ ఒక పరీక్ష పెట్టుకుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళు బీటా బ్లాకర్ మాత్ర వేసుకుని పరిగెడితే వాళ్ళ గుండె ఏం చేస్తుందో చూడాలి. మనం పరిగెత్తేటప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఊరి, గుండెకి 'ఇంకా తొందరగా' అని కబురు పెడుతుంది. ఆ కబురు అందుకునే చోట ఈ మాత్ర ముందే పోయి కూర్చుంటుంది. కాళ్ళు ఎంత పరిగెత్తినా గుండె తన నిదానం వదలదు. బీపీ ఉన్నవాడికి, గుండె జబ్బు ఉన్నవాడికి అది మేలే. ఆరోగ్యంగా ఉన్నవాడికి మాత్రం ఆ పూట కాళ్ళు బరువెక్కి, తొందరగా అలుపొస్తుంది. ఒకటి రెండు రోజుల్లో మందు దిగిపోతుంది, మనిషి మామూలుగా ఉంటాడు.

పదహారు మంది కావాలి. ఒక్కొక్కరూ వారం తేడాతో రెండుసార్లు రావాలి. ఒకసారి అసలు మాత్ర, ఒకసారి అదే రంగులో ఉత్తి పిండి మాత్ర. ఏ రోజు ఏదిచ్చారో మింగినవాడికీ తెలియదు, నాకూ తెలియదు, మేడమ్‌కీ తెలియదు. ఆ జాబితా అట్ట కవరులో సీలువేసి పెద్దసారు బీరువాలో ఉంది. 'పరిగెత్తే అలవాటున్నవాడు ఒకడైనా దొరుకుతాడా?' అని మేడమ్ అడిగింది. నేను ఎగిరి గంతేసి పరదేశిని తీసుకెళ్ళాను.

ఆ రోజు అతనికంటే ముందు హేమంత్ అని వర్క్‌షాపు గుమాస్తా ఎక్కాడు. బొజ్జ మనిషి. ఆరేడు నిమిషాలకే నోరు తెరిచి రొప్పుతుంటే తెర మీద గుండె లెక్క నూట ఎనభై ఎనిమిదికి పోయింది. బల్ల మీద కూర్చుని పరదేశి ఆ అంకెనే చూస్తున్నాడు. మాత్ర మింగి అప్పటికి రెండు గంటలైంది. మేడమ్ మూడడుగుల దూరంలో కాగితాలు రాసుకుంటోంది.

"అన్నా, నాకిచ్చింది ఏటి? దవాయా, ఉత్తిదా?" అన్నాడు తెలుగులో. "గుండికేటైనా అవుతాదేటి? మాయయ్య గుండితోనే ఎలిపోనాడు. అమ్మకి సెప్పకుండా వొచ్చాను."

నాకు తెలీదు అనాలి. అదే నిజం, అదే నా ఉద్యోగం. కానీ అతను భయపడుతున్నాడు, నేను అన్నని, పైగా మేడమ్‌కి తెలుగు ముక్క రాదు. ఆ గదిలో ఆవిడ కంటే నాకు ఎక్కువ తెలుసునని చూపించుకునే అవకాశం నాకు మళ్ళీ ఎప్పుడొస్తుంది?

"నీది ఉత్తి పిండి మాత్ర రా. నేనే చూసి ఇప్పించాను. హాయిగా పరిగెట్టు," అన్నాను.

అతని మొహం తేటపడింది. మేడమ్ తలెత్తి, ఏమంటున్నాడని హిందీలో అడిగింది. దాహం అంటున్నాడన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు జారలేదు. నేనే తోశాను.

పరదేశి పట్టా ఎక్కాడు. మొదట్లో బాగానే ఉంది. మూడు నిమిషాలకోసారి వేగమూ ఎత్తూ పెరుగుతాయి. తెర మీద అంకె తొంభై, నూరు, నూట పదిహేను, అక్కణ్ణుంచి చీమ పాకినట్టు నూట ముప్పై. ఇక కదలదు. అతని చూపు ఆ అంకె మీదే ఉంది. తొడలు బిగుసుకుంటున్నాయి, మొహం ఎర్రబడింది, అంకె మాత్రం మేలుకోవడం లేదు. చివరికి చేయి ఊపి ఆపమన్నాడు. దిగి, రెయిలింగు పట్టుకుని, "కాల్లు రాయిలాగైపోనాయన్నా. ఏటిది?" అన్నాడు.

ఏమిటో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అంత పరుగులో పాతికేళ్ళ గుండె నూట ముప్పై దగ్గర ఆగిందంటే అది మందే. పిండి కాదు. ట్రెడ్‌మిల్ ముందు నాలుగేళ్ళు నిలబడ్డవాడెవడైనా చెప్పేస్తాడు. కానీ చెప్తే నేను అబద్ధమాడినట్టు ఒప్పుకోవాలి. "ఏమీ లేదురా, అలుపు. వచ్చేవారం చూద్దాం," అన్నాను.

వచ్చేవారం అతను రాలేదు. మేడమ్ నన్ను పంపింది. స్కూటరు మీద కాలనీకి వెళ్తే కుళాయి దగ్గర కనిపించాడు. మాలతి బిందె మోసుకుపోతోంది, అతను చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఛుట్టీ దొరకదన్నా," అన్నాడు, నా మొహంలోకి చూడకుండా.

బతిమాలి తీసుకెళ్ళాల్సింది. రెండోసారి ఎక్కితే పిండి మాత్ర మీద ఆ గుండె నూట తొంభైకి పోయేది, అతనే కళ్ళారా చూసేవాడు, అంతా అక్కడితో సరిపోయేది. కానీ అది చూస్తే, మరి పోయినసారి ఇచ్చిందేమిటని అడుగుతాడు కదా. అందుకని సరే అనేసి వచ్చేశాను. పైగా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను కూడా. మూడు నెలల తర్వాత సీలు తీసిన జాబితా నేనే కంప్యూటర్లోకి ఎక్కించాను. పరదేశి, మొదటి రోజు: మందు. ఆ కాగితం మీద వేలు పెట్టి చదివాను. చదివి, భోజనానికి వెళ్ళాను.

డిసెంబరులో అతను బిలాస్‌పూర్ వెళ్ళలేదు. తెల్లారి పరుగులు మానేశాడు. ఏడాది తిరక్కుండా బతిమాలుకుని ఆరంగ్ వైపు ఒక గేటుకి గేట్‌మన్‌గా పోయాడు. కుర్చీలో కూర్చుని, రైలొచ్చినప్పుడు లేచి జెండా చూపే పని. ఎందుకురా అంటే, పిల్ల పుట్టింది కదన్నా, ఎండలో తిరగలేనన్నాడు. నేను నమ్మాను. నమ్మడం నాకు అనుకూలం కాబట్టి నమ్మాను.

పిండి మాత్ర మీదే గుండె అలా ఆగిపోయిందంటే తండ్రి జబ్బే తనకీ వచ్చిందని అతను అనుకున్నాడు. ఇంకో డాక్టరు దగ్గర చూపించుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. రైల్వే కుటుంబంలో పుట్టి పెరిగి ఉంటే అడగరు. మా వాళ్ళకి దెయ్యం కంటే 'అన్‌ఫిట్' అన్న మాటంటే భయం. గుండె జబ్బని రైల్వే డాక్టరుకి తెలిస్తే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని, జబ్బుని దొంగసొత్తులా దాచుకుంటారు. బయట డాక్టరు దగ్గరికి పోయినా ఎవరో ఒకరు చూసి చెప్పేస్తారని భయమే. ఏళ్ళకోసారి జరిగే రైల్వే పరీక్షలో కళ్ళు చూసి, నాడి చూసి, బీపీ చూసి పాస్ చేసేవారు. పాసయ్యానంటే నా జబ్బు వాళ్ళకి దొరకలేదని పరదేశి సంబరపడేవాడట. లేని జబ్బు ఎవరికి మాత్రం దొరుకుతుంది!

రెండు వేల పదహారులో తాయారమ్మ మంచం పట్టింది. ఒక ఆదివారం నన్ను దగ్గరికి పిలిచి చేయి పట్టుకుంది.

"బాబూ, మావోడి గుండి మంచిది కాదు. ఆల్లయ్యలాగే ఈడూ ఎలిపోతాడని నాకు బయ్యం. పెద్ద గుండి ఆస్పత్రిలో సూపిద్దామంటే ఇనడు. సనివారం సనివారం ఒక్కపొద్దులుంటన్నాను. నువ్వు కనిపెట్టుకోవాల."

తనకి గుండె జబ్బనుకునే అతను ఇలా అయ్యాడని ఎనిమిదేళ్ళుగా తెలియనట్టు ఉన్నాను, అప్పుడిక తెలియక తప్పలేదు. పరదేశి పక్కగదిలోనే ఉన్నాడు. ఒక్క మాట, ఆ తల్లి చెవిలో ఒక్క మాట, నీ కొడుకు గుండె గుండ్రాయిలా గట్టిదమ్మా అని అంటే చాలు. "సరే అమ్మా, నేను చూసుకుంటాను," అన్నాను. పది రోజులకి ఆవిడ పోయింది. పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. పరదేశి కుండ పట్టుకుని ముందు నడుస్తుంటే, అతని నడకకి తగ్గట్టు మేం అడుగడుక్కీ ఆగాం.

ఆ రాత్రి ఊర్మిళ, ఏమైంది నీకు, తిండి ముట్టడం లేదని అడిగింది. తల్లిలాంటిది పోయిందన్నాను. అది నిజమే. నిజాల్ని అడ్డం పెట్టుకుని దాక్కోవడం అప్పటికి నాకు బాగా అలవాటైంది.

పోయిన సంవత్సరం సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం మాలతి కూతురు భావనని తీసుకుని నేనిప్పుడు పనిచేస్తున్న క్లినిక్‌కి వచ్చింది. పిల్లకి పదిహేనేళ్ళు, సన్నగా చువ్వలా ఉంటుంది. స్కూలు తరపున రాష్ట్రం పోటీలకి ఎంపికైంది, పదిహేను వందల మీటర్లకి. తండ్రి సంతకం పెట్టాలి. సోమవారంలోగా ఇవ్వాలి.

"సంతకం ఎట్టనంటన్నారు బావగారూ," అంది మాలతి. "మా వంశంలో ఎవలికీ మంచి గుండి నేదు, ఇది పరిగెడితే సచ్చిపోద్ది అంటన్నారు. ఆయనకి గుండి జబ్బని నాకు పెల్లైన యేడే సెప్పారు, బయట ఎవలికీ సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నారు. అందుకే రెండో పిల్లని కూడా వొద్దన్నారు. ఆయనకి తెలీకుండా వొచ్చాం. దీని గుండి సూడండి."

రెండో పిల్ల సంగతి నాకు అంతవరకూ తెలియదు. వైర్లు అంటిస్తూ ఒకటి తప్పుచోట పెట్టి, పీకి మళ్ళీ అంటించాను. "పెదనాన్నా, నాకు కుచ్ భీ నై హోగా, ఏమీ అవదు, మీరు టెన్షన్ పడకండి," అని ఆ పిల్లే నాకు ధైర్యం చెప్పింది. పరిగెత్తింది. గుండె నూట తొంభై ఆరుకి పోయి, ఆపగానే చకచకా దిగింది. డాక్టరుగారు చూసి, ఇంతకంటే మంచి గుండె నా సర్వీసులో చూడలేదన్నారు.

నాకు ఆశ పుట్టింది. పిల్ల రిపోర్టు చూపిస్తే పరదేశి సంతకం పెట్టేస్తాడు, నేను నోరు విప్పక్కర్లేదు. చూడండి, పదహారేళ్ళ తర్వాత కూడా నా బుద్ధి ఇలాగే పనిచేసింది.

మర్నాడు ఆదివారం. రిపోర్టు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పరదేశి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, భార్య వైపు ఒకసారి గుర్రుగా చూసి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు మా కుటుంబానికి ఎంత సేత్తన్నావన్నా. తల్లి గుండొచ్చినట్టుంది దీనికి. కానీ వొద్దు. మాయయ్యకి నలభై ఎనిమిదికొచ్చింది. నాకు పాతిక్కే వొచ్చింది. దీనికింకా ముందే వొస్తాది. ఈయేల బాగుంటే రేపు బాగుంటాదని ఏటి నమ్మకం? పరుగొద్దు."

భావన ఏడవలేదు. గోడకి ఆనుకుని, "నాన్న ఎప్పుడూ అంతే. డర్‌పోక్," అంది. పిరికివాడట. పరదేశి ఆ మాట విని తల దించుకున్నాడు.

నేనిక ఆగలేకపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, నాకు తెలుసు. అయినా చెప్పేశాను. మాలతీ పిల్లా వింటుండగానే చెప్పాను. "పరదేశీ, నీకు గుండె జబ్బు లేదు. ఎప్పుడూ లేదు. ఆ రోజు నీకిచ్చింది మందే. గుండె వేగాన్ని పట్టి ఉంచే మందు. పిండి మాత్ర అని నేను నీకు అబద్ధం చెప్పాను."

అతను నా చేతులు వదిలేశాడు. అరుస్తాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"ఆ రోజే. నువ్వు పట్టా దిగేలోపే."

"మరి ఆ బొజ్జోడు, హేమంతు? ఆడిది నూటెనభై దాటింది కదా. నాది కొట్టుకోనేదు."

"వాడికి ఆ రోజు పిండి మాత్ర పడింది. అంకె ఎక్కువైతే బలం ఎక్కువని కాదురా. వాడు కొంచెం దూరానికే రొప్పుతూ అంత తెచ్చుకున్నాడు. నీ గుండె తక్కువసార్లు కొట్టుకున్నా, కొట్టిన ప్రతిసారీ ఎక్కువ రక్తం తోసింది. పరిగెత్తే వాళ్ళ గుండె అలా చేస్తుంది."

భావన దగ్గరికొచ్చింది. "అయితే నాన్న ఎంతసేపు చేశాడు పెదనాన్నా, ఆ దవాయి మీద?"

"పదమూడు నిమిషాలు. మందు మీద ఎక్కిన మిగతా వాళ్ళల్లో పదకొండు దాటినవాడు లేడు. ఆ జాబితా నా చేత్తోనే ఎక్కించాను. అందర్లోకీ మీ నాన్నే ఫస్టు."

పరదేశి తలెత్తాడు. "అందర్లోకీనా?" అన్నాడు. ఆ మొహంలో ఒక్క క్షణం పాత కుర్రాడు కనిపించాడు. మాలతి చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అతను కాగితం అడిగి తీసుకున్నాడు. బల్ల మీద పెట్టి, పేరంతా కూడబలుక్కుంటూ సంతకం చేసి, కూతురి చేతికిచ్చాడు. పిల్ల ఆ కాగితం పట్టుకుని తండ్రినే చూస్తోంది. పరిగెత్తడానికి వెళ్ళలేదు, సంతోషించనూ లేదు. అతని పక్కన వచ్చి కూర్చుంది.

"నా సంగతి వొగ్గేయన్నా," అన్నాడు పరదేశి. "నాను మగోణ్ణి, ఎలాగోలా బతికీసాను. మాయమ్మ సచ్చిపోయే ముందు నీ సెయ్యి పట్టుకుంది కదా. నాను పక్కగదిలోంచి ఇన్నాను. అప్పుడైనా, ఆయమ్మకైనా ఎందుకు సెప్పనేదు?"

నేను జవాబు కోసం వెతికాను. భయపడ్డానని అనొచ్చు, పరువు అనొచ్చు. ఆవిడ ముందు పెద్దమనిషిగా ఉండాలనుకున్నానన్నదే నిజం. ఆ మాట నా నోటికి రాలేదు. అతను జవాబు కోసం నా మొహంలోకే చూస్తూ ఉన్నాడు.